మీకు తెలుసా? పెట్రోలు ముల్లు తప్పు చూపిస్తే లోపం మీటరుది కాకపోవచ్చు

పెట్రోలు ముల్లు తిక్కగా చూపిస్తే చాలామంది మీటరు మార్పించడానికే సిద్ధపడతారు. ఎక్కువసార్లు లోపం ట్యాంకులోనే ఉంటుంది. అక్కడ పెట్రోలు మీద తేలే ఫ్లోట్, దాని కడ్డీతో పాటు నిరోధకపు పట్టీ మీద రాసుకుంటూ కదిలే చిన్న కాంటాక్టు ఉంటాయి. ఈ అమరికనే సెండర్ అంటారు. మట్టం మారితే నిరోధం మారుతుంది. ముల్లు దాన్నే చదువుతుంది. పట్టీ ఒకచోట అరిగితే, సరిగ్గా ఆ మట్టానికి వచ్చినప్పుడల్లా ముల్లు గెంతుతుంది. ఫ్లోట్‌కు చిల్లుపడి మునిగిందా, ట్యాంకు నిండుగా ఉన్నా చూపించేది ‘ఖాళీ’యే.

తమాషా ఏమిటంటే, సెండర్ నుంచి మీటరుకు వెళ్లే తీగ తెగితే అన్ని కార్లూ ఒకేలా ప్రవర్తించవు. పాత జనరల్ మోటార్స్ కార్లలో ఖాళీకి 0, నిండుకు 90 ఓములు. తీగ తెగితే ముల్లు ‘ఫుల్’ దాటిపోతుంది. పాత ఫోర్డుల్లో ఖాళీకి 73, నిండుకు 10; అక్కడ ముల్లు కిందే పడి ఉంటుంది. అందుకే ఇలాంటి బండ్లలో మెకానిక్ సెండర్ కనెక్టర్ ఊడదీసి ఒకసారి, విలువ తెలిసిన రెసిస్టర్ తగిలించి ఒకసారి చూస్తాడు. ముల్లు రెండుసార్లూ సరిగ్గా స్పందిస్తే మీటరు బాగున్నట్టే. ఇక సెండర్‌నూ, దాని ఎర్త్‌నూ అనుమానించాలి. తుప్పు పట్టిన ఎర్త్ బోల్టును గీకి బిగిస్తేనే కొన్ని బండ్లు దారికొస్తాయి.

అన్నట్టు, పై సగం నెమ్మదిగా, కింది సగం గబగబా అయిపోయినట్టు కనిపించడం చాలా కార్లలో జబ్బు కాదు. ట్యాంకు ఆకారమే వంకరటింకర. పైగా ఫుల్ చేసినప్పుడు ఫ్లోట్ పైకొసకు చేరి ఆగిపోతుంది; కొంత పెట్రోలు ఖర్చయ్యాకే దిగడం మొదలెడుతుంది.