నల్లరేగడిలో వాణిజ్య భవనం.. నేల సిద్ధం కాకుంటే నష్టమే!

గుంటూరు: కోటి ఆశలతో అప్పు తెచ్చి దుకాణ సముదాయం కట్టిస్తారు. మే నెలలో వేసిన గచ్చు ఆగస్టు నాటికి ఉబ్బుతుంది. షట్టర్లు కిందికి దిగవు. గోడ మూలల నుంచి ఏటవాలుగా బీటలు పాకుతాయి. సిమెంటు నాసిరకమని కొందరు, ఇనుము తగ్గించారని మరికొందరు మేస్త్రీని నిందిస్తారు. చాలా సందర్భాలలో దోషం గోడలో కాదు, దాని కింది నేలలో ఉంటుంది.

ఉమ్మడి గుంటూరు జిల్లాలో గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట పరిసరాలలో నల్లరేగడి విస్తారం. పత్తికి, మిరపకు ప్రాణమైన ఈ నేల శీతల గిడ్డంగులకు, దుకాణాలకు, కల్యాణ మండపాలకు మాత్రం మొండి నేల. దీనిలోని మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజం పలుచని పొరలుగా ఉంటుంది. పొరల నడుమకు నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. వేసవిలో చేలలో కనిపించే నెర్రెలకు కారణం ఇదే.

తవ్వకానికి అనువని చాలామంది మే నెలలోనే పని మొదలుపెడతారు. అప్పటికి నేల పూర్తిగా ఎండి కుంచించుకుపోయి ఉంటుంది. ఆ స్థితిలో గచ్చు వేస్తే, వానలకు తడిసిన మట్టి దానిని పైకి నెట్టక మానదు.

కిరోసిన్ చెప్పే నిజం

నేల స్వభావం తెలుసుకునే పరీక్ష కష్టమైనదేమీ కాదు. ఆరబెట్టి జల్లించిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలపాత్రలలో వేస్తారు. ఒకదానిలో నీరు, రెండో దానిలో కిరోసిన్ పోసి కనీసం 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అక్కడ 10 మిల్లీలీటర్లున్న మట్టి నీటిలో 16కు చేరితే ఉబ్బు 60 శాతమన్నమాట. 50 శాతం దాటిన నేలతో జాగ్రత్త తప్పదు. ఈ పరీక్ష ప్లాను గీయక ముందే చేయించాలి. పునాదులు తవ్విన తరువాత ఫలితం తెలిసినా మిగిలేది అదనపు ఖర్చే.

రేగడి లోతు తక్కువైతే దానిని పూర్తిగా తీసివేసి గట్టి నేల మీద పునాది వేయవచ్చు. లోతు ఎక్కువైన చోట రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన అండర్ రీమ్డ్ పైల్స్ ఉపయోగిస్తారు. అడుగున ఉల్లిగడ్డలా వెడల్పైన ఈ స్తంభాలను కనీసం మూడున్నర మీటర్ల లోతుకు, రుతువుల తేమ మార్పు అంతగా చేరని పొర వరకు దింపుతారు.

గచ్చు కింద ఇసుక నింపితే చాలుననే నమ్మకం ఇక్కడ బలంగా ఉంది. అది సగమే నిజం. పక్క నుంచి వచ్చే నీటిని ఇసుక సులువుగా రేగడి వరకు చేరవేస్తుంది. దానికి బదులు ఉబ్బని, జిగురున్న ఎర్రమట్టినో మొరాన్నో మీటరు మందాన పొరలుగా పరచి అణచడం మేలు. ఒక్కో పొర 20 సెంటీమీటర్లు మించకూడదు. తగినంత తడి లేకుండా రోలర్ ఎన్నిసార్లు తిప్పినా నేల గట్టిపడదు. అంతటా మట్టి మార్చలేని చోట పైపొరలో 3 నుంచి 5 శాతం సున్నం కలిపితే ఉబ్బే గుణం బాగా తగ్గుతుంది.

నీటికి దారి చూపాలి

రోడ్డుపై తారు పొరలు వేసిన ప్రతిసారీ దాని మట్టం పెరిగి, పక్క స్థలాలు పల్లమవుతాయి. అందుకే భవనం అడుగు మట్టాన్ని రోడ్డు నడిమిట్ట కన్నా ఎత్తులో ఖరారు చేసుకోవాలి. గోడ చుట్టూ రెండు మీటర్ల వెడల్పున సిమెంటు చప్టా, దానికి 50 అడుగులకు ఒక అడుగు చొప్పున బయటి వాలు ఉండాలి. డాబా నీటి గొట్టాలను గోడ మొదట్లో వదలరాదు, కాలువలోకి కలపాలి. ఇంకుడు గుంత మంచిదే. అయితే పునాదిని ఆనుకుని తవ్వితే రేగడికి చేజేతులా నీరు తాగించినట్లే. దానిని స్థలం చివరన ఏర్పాటు చేసుకోవాలి.

లారీ ఆగే ఆవరణ

మిరప టిక్కీలతో వచ్చే లారీ బరువును కార్లు నిలిపే ప్రాంగణం తట్టుకోలేదు. ఇరుసు బరువు రెట్టింపైతే నేలకు జరిగే నష్టం సుమారు 16 రెట్లు పెరుగుతుందని అమెరికాలో 1958-60 మధ్య జరిగిన రోడ్డు పరీక్షలు తేల్చాయి. కనుక సరుకు దించే చోట, లారీ మలుపు తిరిగే చోట అణచిన మొరం, దానిపై కంకర, ఆపైన కాంక్రీటు ఉండాలి. కార్ల వైపు సిమెంటు ఇటుకలు సరిపోతాయి. కాంక్రీటును నాలుగైదు మీటర్ల పలకలుగా విభజించి, పోసిన 24 గంటల లోపు మందంలో నాలుగో వంతు లోతున గాట్లు కోయాలి. ఆ గాట్లను తారు ముద్దతో మూయడం చాలాచోట్ల మరచిపోతున్నారు. మొదటి వానకు నీరు రేగడిలోకి దిగేది అక్కడి నుంచే.