ధర తగ్గిన బండికి పోషణ తగ్గదు

ఇటీవలి కాలంలో మన పట్టణాలలోనే కాక మండల కేంద్రాలలో సైతం ఒక దృశ్యం తరచుగా కనిపిస్తున్నది. ఒకప్పుడు పారిశ్రామికవేత్తల ఇళ్ల ముందు, పెద్ద హోటళ్ల వాకిళ్లలో మాత్రమే నిలిచే ఆడి, బి.ఎం.డబ్ల్యు., మెర్సిడిస్, రేంజ్ రోవర్ వంటి భారీ వాహనాలు ఇప్పుడు మధ్యతరగతి కుటుంబాల గేట్ల ముందు నిలుస్తున్నాయి. అవి కొత్తవి కావు. పది, పన్నెండు, కొన్ని పదిహేనేళ్లు కూడా తిరిగినవి. షోరూమ్ నుండి బయటకు వచ్చిన నాడు 60, 70 లక్షల రూపాయలు పలికిన బండి నేడు 10 లక్షల చుట్టుపక్కల దొరుకుతున్నది. ఒక కొత్త చిన్న కారు ధరకు ఏడుగురు కూర్చోగల విలాసవంతమైన వాహనం వస్తున్నదంటే ఎవరి మనసైనా అటు మొగ్గడం సహజమే.

మా మదర్సాలో పిల్లలను చేర్చిన తండ్రులు, మా పూర్వ విద్యార్థులు ఈ విషయాన్ని మా ముందు ప్రస్తావిస్తూ ఉంటారు. "మౌలానా సాబ్, ఇంటిల్లిపాదీ ఒకే బండిలో వెళ్లవచ్చు, ధర కూడా అందుబాటులో ఉంది, తీసుకుంటే తప్పేమిటండీ?" అని అడుగుతారు. తప్పేమీ లేదు. అయితే ఇక్కడ రెండు వేర్వేరు లెక్కలున్నాయి. ఒకటి కొనే లెక్క, రెండవది పోషించే లెక్క. మొదటి దానిలో గెలిచి రెండవ దానిలో ఓడిన కుటుంబాలను మేము చూశాము. పాఠక సోదర సోదరీమణులు ఆ రెండవ లెక్కను ముందుగానే వేసుకోవాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

వాహనం పాతబడిన కొద్దీ దాని ధర పడిపోతుంది. కానీ దానిలోని విడిభాగాల ధర పడిపోదు. పన్నెండేళ్ల నాటి 10 లక్షల బండికి వేసే బ్రేక్ డిస్కు, హెడ్‌లైటు, గేర్‌బాక్సు ఇప్పటికీ 60, 70 లక్షల బండికి తయారైనవే. ఒక చిన్న ఉదాహరణ చూడండి. సాధారణ చిన్న పెట్రోలు కారు ఇంజన్‌కు 3 లేదా 4 లీటర్ల ఆయిల్ సరిపోతుంది. టయోటా ల్యాండ్ క్రూజర్ 200 శ్రేణిలోని 4.5 లీటర్ల డీజిల్ ఇంజన్‌కు 9 లీటర్లకు పైగా కావాలి. 2 టన్నులకు మించిన బరువును ఆపవలసిన బ్రేకులు, మోయవలసిన టైర్లు కూడా అదే నిష్పత్తిలో పెద్దవి, ఖరీదైనవి. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లు అని మన పెద్దలన్న మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

ఇంత తక్కువ ధరకు ఈ బండ్లు ఎక్కడి నుండి వస్తున్నాయి? కొన్ని మన హైదరాబాద్, విజయవాడ నగరాల్లోవే. అనేకం ఢిల్లీ ప్రాంతం నుండి వస్తాయి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదని 2014, 2015 సంవత్సరాలలో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశాలిచ్చింది. 2018లో సుప్రీంకోర్టు వాటి అమలుకు నిర్దేశించింది. తరువాతి కాలంలో ఆ అమలులో మార్పులు జరిగినప్పటికీ, అక్కడి యజమానులు పదేళ్లు నిండకముందే డీజిల్ బండ్లను ఇతర రాష్ట్రాలకు అమ్మివేయడం అలవాటుగా మారింది. కనుక ధర తక్కువగా ఉన్నంత మాత్రాన ప్రతి బండినీ అనుమానించనవసరం లేదు. అలాగని మెరుస్తున్న రంగును చూసి నమ్మనూ రాదు.

అలా మరో రాష్ట్రం నుండి వచ్చిన బండికి అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చిన ఎన్.ఓ.సి. తప్పనిసరి. బాకీపై కొన్నదైతే, ఆ బాకీ తీరినట్లు ఫారం 35 ఉండాలి. యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30 కావాలి. వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. అప్పుడు ఇక్కడి లైఫ్ టాక్సు కట్టవలసి వస్తుంది. బండి అసలు ధర ఎక్కువ కనుక ఈ పన్ను కూడా చిన్న మొత్తమేమీ కాదు. రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు నిండితే దానిని పునరుద్ధరించుకోవాలి, ఆపై ప్రతి ఐదేళ్లకూ మళ్లీ ఆ పని చేయాలి. 2022 ఏప్రిల్ 1 నుండి ఈ రుసుమును కార్లకు 600 నుండి 5,000 రూపాయలకు, విదేశాల నుండి దిగుమతి అయిన కార్లకు 40,000 రూపాయలకు పెంచారు. బేరం కుదుర్చుకునే ముందే ఇవన్నీ ధరలో కలిపి చూసుకోవాలి.

గల్ఫ్ దేశాలలో పనిచేస్తున్న మన సోదరులు కొందరు అక్కడి ల్యాండ్ క్రూజర్‌ను ఇంటికి పంపవచ్చునా అని అడుగుతుంటారు. వాడిన వాహనం మూడేళ్లకు మించి పాతది కారాదని, స్టీరింగ్ కుడివైపున ఉండాలని మన దేశపు దిగుమతి నిబంధన. గల్ఫ్‌లోని బండ్లకు స్టీరింగ్ ఎడమవైపున ఉంటుంది. కనుక ఆ ఆలోచన విరమించుకోవడమే మంచిది.

ఇక బండి సంగతికి వద్దాం. యంత్రంలోని ఇనుము కంటే ముందుగా ముసలిదయ్యేది రబ్బరు, ప్లాస్టిక్కు. ఎక్కువ తిరగకపోయినా వయసు వాటిని వదలదు. రేంజ్ రోవర్‌లోనూ, కొన్ని ఆడి క్యూ7 బండ్లలోనూ ఇనుప స్ప్రింగులకు బదులు గాలి నిండిన రబ్బరు సంచులుంటాయి. దీనినే ఎయిర్ సస్పెన్షన్ అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు పగుళ్లు బారి గాలి కారిపోతుంది. కారిన గాలిని నింపడానికి కంప్రెసర్ పదేపదే తిరిగి, చివరకు అది కూడా కాలిపోతుంది. సకాలంలో ఒక సంచి మార్చి ఉంటే సరిపోయే చోట సంచి, కంప్రెసర్ రెండింటి ఖర్చూ మీద పడుతుంది. దీనిని పరీక్షించడం కష్టం కాదు. రాత్రి సమతలమైన చోట బండిని నిలిపి, నాలుగు చక్రాల పైనున్న అంచుల ఎత్తును టేపుతో కొలిచి రాసుకోండి. తెల్లవారి మళ్లీ కొలవండి. ఒక మూల కుంగి ఉంటే అక్కడ గాలి పోతున్నదని అర్థం. ఇటువంటి బండిని స్టాండ్లపై నిలపకుండా ఎవరూ దాని కిందికి దూరరాదు. గాలి పోతే బండి ఒక్కసారిగా కిందికి దిగుతుంది.

రెండవది ఇంజన్‌ను చల్లబరిచే వ్యవస్థ. రేడియేటర్ ట్యాంకు, కూలెంట్ పైపుల కలుపులు ఈ బండ్లలో అధికంగా ప్లాస్టిక్‌వే. పదేళ్ల వేడికి అవి పెళుసుబారుతాయి. మే నెల ఎండలో జాతీయ రహదారిపై ఒక పైపు పగిలిందంటే, బండి ఆపకుండా మరో పది కిలోమీటర్లు నడిపితే చాలు, ఇంజన్ హెడ్ వంగిపోవచ్చు. అప్పుడు వందల రూపాయల పైపు లక్షల రూపాయల పనిగా మారుతుంది. కూలెంటు తగ్గినప్పుడు బోరు నీరు పోయడం మనవారికి అలవాటు. ఆ నీటిలోని లవణాలు లోపల పేరుకుపోతాయి. కంపెనీ సూచించిన కూలెంటునే వాడాలి.

మూడవది గేర్‌బాక్సు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్‌ను జీవితాంతం మార్చనవసరం లేదని కొన్ని కార్ల కంపెనీలు చెబుతాయి. ఆ గేర్‌బాక్సులను తయారుచేసే జర్మనీ సంస్థ జెడ్.ఎఫ్. మాత్రం 80,000 నుండి 1,20,000 కిలోమీటర్ల మధ్య లేదా 8 ఏళ్లకు మార్చమని సూచిస్తుంది. తయారుచేసినవారి మాటే వినడం శ్రేయస్కరం.

నాలుగవది టైమింగ్ చైను. ఆడి వారి 3 లీటర్ల డీజిల్ ఇంజన్‌లో, బి.ఎం.డబ్ల్యు. వారి ఎన్57 ఇంజన్‌లో ఇది గేర్‌బాక్సు వైపున ఉంటుంది. చైను పనికి ఇంజన్‌నో, గేర్‌బాక్సునో దించవలసి వస్తుంది. అందువలన చైను కంటే కూలీ ఎక్కువవుతుంది. ఉదయం మొదటిసారి స్టార్టు చేయగానే ఇంజన్ నుండి గలగలమనే శబ్దం కొద్ది క్షణాలు వచ్చినా మెకానిక్‌కు చెప్పి తీరాలి. బేరానికి వెళ్లినప్పుడు ఇంజన్ చల్లగా ఉండగానే మీ ఎదుట స్టార్టు చేయమనండి. మీరు వచ్చేసరికే వేడెక్కి ఉన్న ఇంజన్ ఈ శబ్దాన్ని దాచవచ్చు.

వరద నీటిలో మునిగిన బండ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడలో వచ్చిన వరదలలో ఎన్నో వాహనాలు మునిగిపోయాయి. ఈ తరహా బండ్లలో ఎలక్ట్రానిక్ పెట్టెలు సీట్ల కింద, కార్పెట్ కింద కూడా ఉంటాయి. సీటు బెల్టును చివరి దాకా లాగి చూడండి. బురద మరక అక్కడ దాగి ఉంటుంది. పైకప్పు అద్దం ఉన్న బండ్లలో నీరు పోయే సన్నని గొట్టాలు దుమ్ముతో మూసుకుపోయి, వాన నీరు లోపలికే కారుతుంది. వర్షాకాలానికి ముందు వాటిని శుభ్రం చేయించడం చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని.

ఇంతవరకు చెప్పినవి ధనానికి సంబంధించినవి. ఇకపై చెప్పేవి ప్రాణాలకు సంబంధించినవి. టైరు అంచుపై డి.ఓ.టి. అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాడులు లోతుగా ఉన్నా, ఆరేళ్లు దాటిన టైరును ఏటా పరీక్షించాలి, పదేళ్లు దాటిన దానిని తీసివేయాలి. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండిలో నాలుగు టైర్లూ ఒకే కొలతలో, దాదాపు ఒకే అరుగుదలతో ఉండాలి. లేనిచో లోపలి ట్రాన్స్‌ఫర్ కేసుపై ఒత్తిడి పడుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్లకొకసారి మార్చాలి. జపాన్‌కు చెందిన టకాటా సంస్థ తయారుచేసిన ఎయిర్‌బ్యాగులలోని రసాయనం వేడి, తేమ గల ప్రాంతాలలో ఏళ్ల తరబడి ఉండి చెడిపోయి, పేలినప్పుడు లోహపు ముక్కలను వెదజల్లుతుందని తేలింది. ప్రపంచవ్యాప్తంగా కోట్లాది వాహనాలను వెనక్కి పిలిపించారు. వాటిలో పాత బి.ఎం.డబ్ల్యు. ఎక్స్5 బండ్లు కూడా ఉన్నాయి. బండి 17 అక్షరాల ఛాసిస్ నంబరును కంపెనీ సర్వీసు కేంద్రంలో చూపి, ఆ మార్పు జరిగినదీ లేనిదీ తెలుసుకోండి. అటువంటి లోపాన్ని కంపెనీయే తన ఖర్చుతో సరిచేస్తుంది.

మాకు తెలిసిన ఒక కుటుంబం నాలుగేళ్ల క్రితం ఇటువంటి బండిని కొన్నది. పెద్దకొడుకు సంపాదనతో పాటు ఇంట్లో దాచిన మొత్తమంతా అందులో పెట్టారు. ఏడాది తిరగకముందే ముందు వైపు సస్పెన్షన్ కుంగింది. చెల్లెలి చదువుకని ఉంచిన డబ్బు దానికి పోయింది. ఆ తరువాత బ్రేకు డిస్కులు అరిగాయని మెకానిక్ చెప్పినా, వచ్చే నెల చూద్దామని వాయిదా వేస్తూ అదే బండిలో ముసలి తల్లిని, పసిపిల్లలను ఎక్కించుకుని ఘాట్ రోడ్డులో ప్రయాణించారు. అల్లాహ్ దయ వలన క్షేమంగా తిరిగివచ్చారు. పోషణకు డబ్బు మిగలని ఇంట్లో ముందుగా వాయిదా పడేవి బయటికి కనిపించని పనులే. బ్రేకులు, టైర్లు సరిగ్గా అటువంటివే.

అందువలన మా సలహా ఇది. చేతిలో 10 లక్షలుంటే 10 లక్షల బండిని చూడకండి. ఏడున్నర లక్షల బండిని చూసి, మిగిలిన నాలుగో వంతును మొదటి ఏడాది పనులకని వేరుగా ఉంచండి. ఆపై నెలనెలా కొంత మొత్తం బండి పేరున తీసిపెట్టండి. పని పడని నెలలో దానిని ముట్టుకోకండి. ఇది ఇంట్లో భార్యతో, తల్లిదండ్రులతో సంప్రదించి తీసుకోవలసిన నిర్ణయం. ఎందుకంటే ఆ నెలసరి మొత్తం వారి ఖర్చుల నుండే తగ్గుతుంది.

ఏ బండి అన్నదీ ముఖ్యమే. 1951లో మొదలైన ల్యాండ్ క్రూజర్ వంశం నేటికీ బలమైన ఇనుప చట్రంపైనే నిర్మితమవుతున్నది. పాతదైనా ధర ఎక్కువ పలుకుతుంది, కానీ పోషణలో ఆశ్చర్యాలు తక్కువ. యూరప్ బండ్లు సుఖంలో, రహదారిపై నిలకడలో మేటి, కానీ వాటిలో సున్నితమైన అమరికలు ఎక్కువ. వీటికి కంపెనీ కేంద్రమే దిక్కని భావించనవసరం లేదు. హైదరాబాద్ వంటి నగరాలలో ఆయా కంపెనీలలో పనిచేసి బయటకు వచ్చి సొంతంగా గ్యారేజీ పెట్టుకున్న నిపుణులున్నారు. స్కానర్ యంత్రం ఉన్నవారి వద్దకే వెళ్లండి. బాష్, సాక్స్, లెమ్‌ఫోర్డర్ వంటి సంస్థలు కార్ల కంపెనీలకు అందించే అనేక భాగాలను తమ సొంత పెట్టెలో కూడా అమ్ముతాయి. కార్ల కంపెనీ ముద్ర లేని ఆ పెట్టె ధర సాధారణంగా తక్కువ. కానీ పేరు లేని నకిలీ సరుకు జోలికి వెళ్లకూడదు.

చివరగా అమ్మేవారికి ఒక మాట. లోపాన్ని దాచి సరుకు అమ్మడం ధర్మసమ్మతం కాదని మన పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు. స్కానర్‌తో హెచ్చరిక దీపాన్ని తుడిచివేసి, మీటరు వెనక్కి తిప్పి బండిని అప్పగించేవాడు మరొక కుటుంబాన్ని తెలిసి తెలిసి అపాయంలో పడవేస్తున్నాడు. దీనికి విరుగుడు కొన్ననాడే ప్రారంభం కావాలి. డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటు పుస్తకం ఉంచండి. తేదీ, కిలోమీటర్లు, మార్చిన భాగం, అయిన ఖర్చు అందులో రాయండి, బిల్లులను దానికే జతపరచండి. ఏ పని ఎప్పుడు చేయించాలో అదే మీకు గుర్తుచేస్తుంది. రేపు బండిని వదులుకోవలసి వచ్చిన నాడు తాళం చెవితో పాటు ఆ పుస్తకాన్ని కూడా కొనేవారి చేతిలో పెట్టండి.