సెల్‌ఫోనుకూ టవరుకూ పొత్తు

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగాన, పలాస మొదలు ఇచ్ఛాపురం వరకు సముద్రతీరం వెంబడి ఉన్న పల్లెసీమను ఉద్దానం అంటారు. ఉద్యానమన్న మాటే ఇట్లా మారిందని చెబుతారు. కొబ్బరి, జీడి, పనస తోటలకు ఇది పెట్టింది పేరు. ఇక్కడివారు ఎందరో పనులకోసం గల్ఫు దేశాలకు పోతారు. చదువులకై అమెరికా వెళ్ళినవారూ ఉన్నారు. అట్లా వెళ్ళినవారు ఇంటికి పంపిన ఖరీదయిన ఫోను పలాస బజారులో చక్కగా పలికి, తోటలోని ఇంటికి చేరేసరికి మూగపోవచ్చు. పొరుగువారు టెక్కలిలో కొన్న చవక ఫోను మాత్రం అదే చోట, అదే కంపెనీ సిమ్ కార్డుతో గణగణ మోగవచ్చు. ఫోను చెడలేదు, సిమ్ చెడలేదు. మరి లోపం ఎక్కడ ఉన్నది?

సెల్‌ఫోను నిజానికి ఒక చిన్న రేడియో. ఇంట్లోని రేడియో వినడమే ఎరుగును. ఇది వింటుంది, పలుకుతుంది కూడా. ఒకేసారి రెండు పనులూ జరగవలె గనుక చాలా బ్యాండ్లలో రెండు దారులు ఏర్పాటు చేశారు: ఫోను పలికే దారి ఒకటి, టవరు పలికే దారి మరొకటి. 900 మెగాహెర్ట్జుల బ్యాండునే చూడండి. మొదట నిర్ణయించిన పద్ధతి ప్రకారం ఫోను 890 నుంచి 915 వరకు గల పౌనఃపున్యాలలో పలుకుతుంది. టవరు 935 నుంచి 960 వరకు గల వాటిలో బదులిస్తుంది. ఏయే బ్యాండ్లలో పలకగలదో, వినగలదో ఫోను తయారయిన నాడే నిర్ణయమై పోతుంది. దానికి కావలసిన వడపోత పరికరాలు లోపల అమర్చి ఉండకపోతే తరువాత ఎంత డబ్బు పోసినా ఆ బ్యాండు వినిపించదు.

బ్యాండ్లన్నీ ఒక తీరుగా ప్రయాణం చేయవు. కాంతివేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుందని పదవ తరగతి విద్యార్థికి తెలుసు. సెకండుకు 3,00,000 కిలోమీటర్ల వేగాన్ని 900 మెగాహెర్ట్జులతో భాగించి చూస్తే సుమారు 33 సెంటీమీటర్లు వస్తుంది. 700కు 43 సెంటీమీటర్లు, 2300కు 13, 5జీ వాడుకునే 3500 ప్రాంతంలో 9కి లోపే. పొడుగు తరంగాలు అడ్డంకులను చుట్టి పోగలవు. పొట్టి తరంగాలు గోడలకు, గుబురు చెట్లకు తొందరగా లొంగిపోతాయి. పచ్చని ఆకులో నీరుంటుంది. పౌనఃపున్యం పెరిగినకొద్దీ ఆ నీరు తరంగశక్తిని ఎక్కువగా పీల్చుకుంటుంది. వాన కురిసి ఆకులు తడిస్తే చెప్పనక్కరలేదు. కాబట్టి ఒత్తుగా పెరిగిన తోటల నడుమ, టవరుకు దూరంగా ఉన్న ఇంటికి చేరేది చాలాసార్లు 700, 850, 900 బ్యాండ్ల తరంగాలే. టవరు ఎదుటనే ఉండే పట్టణ బజారులో అన్ని బ్యాండ్లూ అందుతాయి గనుక ఫోనులోని కొరత అక్కడ బయటపడదు.

కంపెనీల సంగతి చూస్తే, జియో 4జీ సేవ 850, 1800, 2300 బ్యాండ్ల మీద నడుస్తున్నది. 2025 సెప్టెంబరు 27న పొరుగున ఒడిశాలోని ఝార్సుగూడ నుంచి ప్రధానమంత్రి ప్రారంభించిన బి.ఎస్.ఎన్.ఎల్. స్వదేశీ 4జీకి 700, 2100 బ్యాండ్లు ఆధారం. ఇందులో దూరం పోయేది 700. అంతకుముందు మన దేశంలో అమ్ముడైన ఫోన్లలో ఈ బ్యాండు లేనివి అనేకం ఉన్నాయి. అట్టి ఫోనులో బి.ఎస్.ఎన్.ఎల్. సిమ్ వేస్తే 2100 అందినంత మేరకే 4జీ.

అమెరికా ఫోన్ల కథ మరీ విచిత్రమైనది. వాటి వివరాలలోనూ 700 అన్న అంకె కనబడుతుంది. కాని అంకె ఒకటయినంత మాత్రాన బ్యాండు ఒకటి కాదు. మన 700లో ఫోను పలికేది 703 నుంచి 748 వరకు, టవరు పలికేది 758 నుంచి 803 వరకు. అమెరికాలో వెరైజన్ వాడే 700లో ఫోను పలికేదే 777 నుంచి 787 వరకు. అనగా మన టవరు నోరు విప్పే చోటనే ఆ ఫోను కూడా నోరు విప్పుతుంది! ఇద్దరూ మాట్లాడేవారే అయితే వినేవారెవరు? 2జీ కాలంలోనూ ఇటువంటి చిక్కే ఉండేది. గల్ఫు దేశాలలో, మన దేశంలో 900, 1800 బ్యాండ్లే వాడుకలో ఉండడంవల్ల అక్కడి ఫోను ఇక్కడ పలికేది. అమెరికాలో 850, 1900 బ్యాండ్లకు మాత్రమే చేసిన ఫోను ఇక్కడ పలికేది కాదు.

బ్యాండు కుదిరితే చాలదు, భాష కూడా కుదరాలి. మన దేశంలో సి.డి.ఎం.ఏ. పద్ధతిలో మొబైలు సేవ మొదట ప్రారంభమైంది ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే. ఆ కంపెనీ టాటా టెలిసర్వీసెస్. తరువాత రిలయన్సు ఆ పద్ధతినే దేశమంతటా వ్యాపింపజేసింది. తొలినాటి ఆ ఫోన్లలో చాలావాటికి సిమ్ కార్డు ఉండేది కాదు. నెంబరు ఫోనులోనే నమోదై ఉండేది. కంపెనీ మారితే ఫోనూ మార్చవలసిందే. ఆ సేవలు మూతబడిన తరువాత ఆ ఫోన్లు పిల్లల ఆటవస్తువులయ్యాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు ఇంకొక భాషాభేదం వచ్చింది. దానికి 2జీ, 3జీ లేవు. మాట కూడా 4జీ మీదనే పోవాలి. ఈ పద్ధతిని వోల్టీ అంటారు. నోకియా 1100 వంటి పాత ఫోనుకు ఆ టవరు ఉన్నట్టే తెలియదు.

ఫోను మీది పేరుకు నిజంగా విలువ ఉన్నది ఈ వోల్టీ విషయంలోనే. బ్యాండు సరిపోయినా, ఏ కంపెనీ జాలంలో మాటను ఎట్లా నడపాలో తెలిపే అమరిక ఫోను సాఫ్ట్‌వేరులో ఉండాలి. తయారీదారు ఇక్కడి కంపెనీకి ఆ అమరిక చేయకపోతే ఇంటర్నెట్టు వస్తుంది, మాట రాదు. ఇక ఒకే పేరుతో అమ్మే ఫోనుకు దేశానికొక నమూనా ఉండవచ్చు. అందుచేత కొనేవారు పేరు గాక పెట్టె మీది నమూనా సంఖ్యను చూసి, అందులోని బ్యాండ్లను, తమ ఊరి టవరు బ్యాండ్లను సరిపోల్చుకోవాలి. తాళం సంగతి కూడా అడగాలి: విదేశీ కంపెనీలు వాయిదాల మీద ఇచ్చే ఫోన్లు బాకీ తీరేదాకా వేరే సిమ్‌ను ఒప్పుకోకపోవచ్చు. 2017లో జియో విడుదల చేసిన మీటల ఫోను కూడా జియో సిమ్‌తోనే పనిచేసేది.

ఇదంతా సౌకర్యానికి సంబంధించిన విషయంగా కనబడవచ్చు. తుపాను వచ్చిననాడు అట్లా కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, కరెంటు స్తంభాలు విరిగాయి, ఫోన్లు మూగపోయాయి. కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఆధారపడిన కుటుంబాలు ఎన్నో ఉన్న ప్రాంతమిది. ఆసుపత్రికి కబురు అందకపోవడమంటే ఏమిటో వారికే తెలుసు.

అట్టి సమయంలో ఒక కంపెనీ టవరు పడిపోయినా, నిలిచి ఉన్న మరో కంపెనీ టవరు దాని చందాదారులను కూడా చేర్చుకొనే ఏర్పాటు ఉన్నది. దీనిని సర్కిల్ లోపలి రోమింగ్ అంటారు. సిమ్‌లో దేశాన్ని తెలిపే 404 లేక 405 అన్న అంకెలు, వాటి వెంట కంపెనీని, సర్కిల్‌ను తెలిపే అంకెలు ఉంటాయి. మామూలు రోజుల్లో ఈ అంకెలు చూసి పరాయి టవరు ఫోనును తిప్పిపంపుతుంది. అనుమతి ఇచ్చిననాడు రానిస్తుంది. ప్రభుత్వ నిధితో మారుమూలల నెలకొల్పిన 4జీ టవర్లను ఇట్లా ఉమ్మడిగా వాడుకొనే పద్ధతి 2025 జనవరిలో ప్రారంభమైంది. ఆపదలో 112కు చేసే పిలుపును కూడా ఫోను తన కంపెనీ టవరు అందనప్పుడు దొరికిన టవరు ద్వారా పంపజూస్తుంది. అయితే ఆ నిలిచి ఉన్న టవరు ఏ బ్యాండులో, ఏ భాషలో పలుకుతున్నదో ఫోనుకు తెలిసి ఉండాలి. ఒకే కంపెనీ బ్యాండ్లకు సరిపోయే ఫోను మామూలు రోజుల్లో ఏ లోటూ చూపదు. గాలివాన వెలిసిన ఉదయాన, పక్క కంపెనీ టవరు తలుపు తెరిచి పిలుస్తున్నా దానికి వినిపించదు.