మనోవిజ్ఞాన శాస్త్రం విజ్ఞానశాస్త్రమేనా?

ప్రవర్తననూ మానసిక ప్రక్రియలనూ శాస్త్రీయంగా అధ్యయనం చేసే విషయమే మనోవిజ్ఞాన శాస్త్రమని నిర్వచించుకొన్నాం. ఇందులోని 'శాస్త్రీయంగా' అనే మాటను మీరు పరీక్షించకుండా అంగీకరించనవసరం లేదు. తెలుగులో వాస్తు, జ్యోతిషం, హస్తసాముద్రికం అన్నింటికీ చివర 'శాస్త్రం' చేరుస్తాం. కాబట్టి పేరు దేన్నీ నిరూపించదు. 1879లో విల్‌హెల్మ్ వుంట్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో ప్రయోగశాల స్థాపించాడు కాబట్టి ఇది విజ్ఞానశాస్త్రమేనని చాలామంది విద్యార్థులు పరీక్షలో రాస్తారు. సంవత్సరం సరైనదే, వాదన బలహీనం. గది, పరికరాలు ఉన్నంత మాత్రాన విజ్ఞానం పుట్టదు.

మరి గీటురాయి ఏది? తత్త్వవేత్త కార్ల్ పాపర్ సూచించినది ఖండనీయత. అంటే, ఒక సిద్ధాంతం తప్పైతే ఆ తప్పు బయటపడే మార్గం ఉండాలి. ఫ్రాయిడ్, ఆడ్లర్ సిద్ధాంతాలలో ఆయనకు ఆ మార్గం కనిపించలేదు. ఆయన ఇచ్చిన ఉదాహరణ చూడండి. ఒకడు పసివాణ్ణి ముంచి చంపాలని నీళ్లలోకి తోశాడు. ఇంకొకడు పసివాణ్ణి కాపాడబోయి ప్రాణం వదిలాడు. ఫ్రాయిడ్ ప్రకారం మొదటివాడిలో దమనం, రెండోవాడిలో ఉదాత్తీకరణం పనిచేశాయి. ఆడ్లర్ ప్రకారం ఇద్దరిదీ న్యూనతాభావమే: నేరం చేసే ధైర్యం తనకుందని ఒకడు, కాపాడే ధైర్యం తనకుందని మరొకడు నిరూపించుకోవాలనుకొన్నారు. ఎవరు ఏం చేసినా సిద్ధాంతమే నెగ్గుతుంది. పైకి ఇది బలంలా కనిపిస్తుంది కాని, పాపర్ దృష్టిలో ఇదే లోపం.

ఈ విమర్శ మనోవిశ్లేషణకు తగిలినంతగా మిగిలిన శాఖలకు తగలదు. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రచురించిన జ్ఞాపక పరిశోధనను తీసుకోండి. అర్థమున్న మాటలు ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా గుర్తుంటాయి. అందుకని ఆయన అర్థరహిత పదాంశాల జాబితాలు తయారుచేసుకొన్నాడు. తప్పులేకుండా అప్పజెప్పగలిగేవరకు వాటిని వల్లెవేసి, కొంత వ్యవధి తరవాత తిరిగి నేర్చుకొంటూ, రెండోసారి ఎంత శ్రమ ఆదా అయిందో లెక్కకట్టాడు. 20 నిమిషాల తరవాత ఆదా సుమారు 58 శాతం, ఒక రోజు తరవాత 34 శాతం, 31 రోజుల తరవాత 21 శాతం. అంటే మరపు మొదట వేగంగా, ఆ తరవాత నెమ్మదిగా సాగుతుంది. ఈ ప్రయోగంలో ప్రయోగకర్త, ప్రయోజ్యుడు ఇద్దరూ ఆయనే. ఒక్క మనిషి ఫలితాన్ని నమ్మడమెలా అని మీరు అడగాలి. పద్ధతిని వివరంగా రాసిపెట్టాడు కాబట్టి ఎవరైనా మళ్లీ చేసి చూడవచ్చు. 2015లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అలాగే చేశారు. 130 ఏళ్ల నాటి వక్రరేఖను పోలినదే మళ్లీ వచ్చింది.

అన్ని ఫలితాలకూ ఈ అదృష్టం పట్టలేదు. 1998లో అమెరికాలో రాయ్ బౌమైస్టర్, ఆయన సహచరులు ఆకలిగా ఉన్న విద్యార్థుల ముందు చాక్లెట్ బిస్కెట్లూ, ముల్లంగీ పెట్టారు. కొందరు ముల్లంగి మాత్రమే తినాలి. తరవాత పరిష్కారం లేని చిక్కుప్రశ్నలు ఇస్తే, వీరు సుమారు 8 నిమిషాలకే వదిలేశారు. బిస్కెట్లు తిన్నవారు సుమారు 19 నిమిషాలు ప్రయత్నించారు. వాడేకొద్దీ మనోనిగ్రహం తరిగిపోతుందనే ఈ భావన పాఠ్యపుస్తకాలకెక్కింది. 2016లో 23 ప్రయోగశాలలు రెండు వేలమందికి పైగా ప్రయోజ్యులతో, వేరొక పనిని ఉపయోగించి, దీన్ని పరీక్షించాయి. ప్రభావం దాదాపు శూన్యం. ఎంచుకొన్న పని తగినది కాదని బౌమైస్టర్ వాదించాడు.

ఇది ఒంటరి ఉదాహరణ కాదు. 2015లో ఒక పరిశోధక బృందం 100 అధ్యయనాలను పునరావృతం చేసి 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించింది. మూల అధ్యయనాలలో 97 శాతం సాంఖ్యకంగా సార్థకం కాగా, పునరావృతంలో 36 శాతమే అలా నిలిచాయి. సంజ్ఞానాత్మక రంగంలో సుమారు సగం, సాంఘిక మనోవిజ్ఞానంలో సుమారు నాలుగో వంతు నిలిచాయి. తక్కువమంది ప్రయోజ్యులు, అనుకూల ఫలితాలను మాత్రమే ప్రచురించే అలవాటు ఇందుకు ముఖ్య కారణాలు.

ఈ అంకెలను చూపి మనోవిజ్ఞానం విజ్ఞానశాస్త్రం కాదనేవారున్నారు. కాని ఈ లెక్క తీసింది ఎవరు? ప్రధానంగా మనోవిజ్ఞానవేత్తలే. ఫలించని జాతకాలను లెక్కగట్టి ప్రచురించే ఆనవాయితీ జ్యోతిషంలో లేదు. నా అభిప్రాయంలో నిర్ణయాత్మకమైన తేడా ఇదే. అయితే దీనివల్ల ఈ విషయంలోని ప్రతి వాక్యానికీ విజ్ఞానశాస్త్ర హోదా రాదు. తనను గమనిస్తున్నారని తెలిస్తే రాయి పడే వేగం మారదు, మనిషి తీరు మారవచ్చు. ఆ ఇబ్బందిని సమర్థంగా నియంత్రించిన శాఖలు గట్టిపడ్డాయి, నియంత్రించలేనివి వెనకబడ్డాయి.

మీలో ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఉండవచ్చు. ఒక పరీక్షలో వచ్చిన అంకెను చూసి ఒక పిల్లవాణ్ణి 'మందబుద్ధి' అని రికార్డులో రాస్తే, ఆ మాట వాడి వెంట ఏళ్ల తరబడి నడుస్తుంది. అందువల్ల ఏ ఫలితాన్నయినా ఎందరిపై, ఏ దేశంలో, ఎన్నిసార్లు పరీక్షించారో అడిగిన తరవాతే ఉపయోగించండి.

అభ్యాసం: గెఠు, ఫిణో వంటి 13 అర్థంలేని మాటలు రాసుకొని, తప్పులేకుండా చెప్పగలిగేవరకు వల్లెవేయండి. ఎన్నిసార్లు చదవాల్సి వచ్చిందో రాసుకోండి. మర్నాడు అదే జాబితాను తిరిగి నేర్చుకొని, ఎన్ని ఆవృత్తులు ఆదా అయ్యాయో శాతంలో లెక్కకట్టండి. మీ ఫలితం 34 శాతానికి దూరంగా ఉంటే, ఎబ్బింగ్‌హాస్ తప్పని తేల్చేముందు మీ ప్రయోగంలో ఏమేం మారాయో ఐదు వాక్యాలలో రాయండి.