తిరిగొచ్చిన యాజిదీ మహిళలు: అంకెలు ఏం చెబుతున్నాయి?

2014 ఆగస్టు 3న ఐసిస్ మూకలు యాజిదీ అనే చిన్న మతంవారు ఎక్కువగా ఉండే ఉత్తర ఇరాక్‌లోని సింజార్ మీద పడ్డాయి. కుర్దిస్తాన్ ప్రాంత అధికారుల లెక్కలో, ఎత్తుకుపోయిన యాజిదీలు 6,417 మంది. వారిలో 3,548 మంది ఆడవాళ్లు, ఆడపిల్లలు. మొత్తంమీద సగానికి పైగా బయటపడ్డారు. 2,500 మందికి పైగా ఏమయ్యారో తెలియదు.

ఈ చివరి అంకె కూడా మానసిక ఆరోగ్యం లెక్కే. చెల్లెలు ఉందో పోయిందో తెలియని అక్కకు కర్మ చెయ్యడానికీ లేదు, ఎదురుచూపు మానడానికీ లేదు.

చెర నుంచి బయటపడిన 108 మంది యాజిదీ మహిళల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. దాదాపు సగం మందికి సంక్లిష్ట పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తరువాత మిగిలే మానసిక రుగ్మత) ఉంది. మరో 20 శాతం మందికి మామూలు పీటీఎస్‌డీ. పీడకలలు, ఉలికిపాటు, జరిగింది గుర్తుచేసే వాటికి దూరంగా పారిపోవడం రెండిటిలోనూ ఉంటాయి. సంక్లిష్టమైనదానిలో వీటికి తోడు తన మీద తనకే ఏవగింపు పుడుతుంది, కోపం, దుఃఖం అదుపు తప్పుతాయి, ఎవరినీ దగ్గరికి రానివ్వబుద్ధి కాదు. నాలుగు రోజుల కౌన్సెలింగ్ శిబిరంతో తీరేది కాదిది.

అదే ఏడాది 416 మంది యాజిదీ మహిళలు, ఆడపిల్లలతో చేసిన ఇంకో అధ్యయనం, నావాళ్లే నన్ను దూరం పెడుతున్నారన్న భావన కుంగుబాటుతో ముడిపడి ఉందని చూపింది. నన్నడిగితే మందులకన్నా ముందు పట్టించుకోవాల్సింది దీన్నే.

యాజిదీలలో పరమతస్థుడితో సంబంధం అంటే వెలి. అలాంటిది, దాడి జరిగిన కొద్ది నెలలకే మతపెద్ద బాబా షేక్ ఈ మహిళలను ఆదరించమని పిలుపునిచ్చారు. లాలిష్ ఆలయంలో తెల్ల ఊటగా పిలుచుకునే పవిత్ర జలాన్ని తల మీద పోసి, వచ్చినవారిని మళ్లీ మతంలో కలుపుకున్నారు. ఏ వైద్యుడూ రాయలేని చీటీ అది. వైద్యమూ కావాల్సిందే: జర్మనీలోని బాడెన్‌వుర్టెంబర్గ్ రాష్ట్రం 2015-16లో సుమారు 1,100 మంది మహిళలను, పిల్లలను తీసుకెళ్లి చికిత్స ఇప్పించింది. స్థానికంగానే చికిత్సకులను తయారుచేసేందుకు దుహోక్ విశ్వవిద్యాలయంలో ఒక సంస్థ 2017లో మొదలైంది. 2021లో ఇరాక్ చేసిన చట్టం నెలవారీ భృతిని, మానసిక చికిత్సను హక్కుగా రాసింది.

చెరలో పుట్టిన బిడ్డల ఊసు మాత్రం ఆ చట్టంలో లేదు. 2019 ఏప్రిల్‌లో యాజిదీ మతమండలి ప్రకటన చూసి వాళ్లనూ ఆదరిస్తారని అనుకున్నారు. అత్యాచారంవల్ల పుట్టినవారికి అది వర్తించదని మండలి రోజుల్లోనే తేల్చేసింది. తండ్రి ముస్లిం అయితే బిడ్డను ముస్లింగా నమోదు చేయడం ఇరాక్ నిబంధన. బిడ్డా, సొంతవాళ్లా అన్న ఎంపికను తల్లి మీదే వదిలేశారు.