అమృతపాణి.. రస్తాళి.. రసబాళె.. పండు ఒక్కటే!

కోస్తాలో అమృతపాణి. తమిళనాడులో రస్తాళి. మైసూరు వైపు రసబాళె. సరిహద్దు దాటితే పేరు మారుతుంది గానీ, ఊరిని బట్టి రుచిలో కాస్త తేడా ఉన్నా శాస్త్రవేత్తలు వీటిని 'సిల్క్' అనే ఒకే వర్గంలో చేర్చారు.

మనం తినే అరటికి మొలిచే గింజ ఉండదు. పండు మధ్యలో కనిపించే నల్ల చుక్కలు ఎదగని గింజలే! దుంప నుంచి వచ్చే పిలకే మళ్లీ మొక్కవుతుంది. అంటే పిల్ల అచ్చంగా తల్లే. అన్నట్టు అరటి చెట్టు అసలు చెట్టే కాదు. బయటికి కనిపించే మానంతా ఒకదానిపై ఒకటి చుట్టుకున్న డొప్పలే.. కార్తీకంలో దీపాలు వదిలేవి. అసలు కాండం నేలలో ఉన్న దుంప.

ఈ పోలికే ముప్పు తెచ్చింది. పనామా తెగులు శిలీంధ్రం వేళ్ల గుండా చేరి, నీరెక్కే నాళాలను మూసేస్తుంది. ఆకులు పండుబారి వేలాడతాయి, మాను మొదట్లో చీలుతుంది. ఒక్క మొక్క తట్టుకోలేదంటే తోటలో ఏదీ తట్టుకోలేదన్నమాట. భౌగోళిక గుర్తింపు పొందిన నంజనగూడు రసబాళె సాగు తగ్గిపోవడానికి ఈ తెగులూ కారణమే. లాటిన్ అమెరికాలో 'గ్రోస్ మిషెల్' రకం 1960ల నాటికి ఇలాగే ఎగుమతి తోటల్లోంచి పోయింది. దాని స్థానంలో వచ్చిన కావెండిష్ వర్గానిదే మన బజార్లలోని జీ-9. దాన్నీ ఇప్పుడు టీఆర్-4 అనే కొత్త రూపం పట్టుకుంది. మన దేశంలోనూ కనిపించింది.

శిలీంధ్రం నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. చల్లితే పోయే మందు లేదు. అందుకే వియ్యంకుడి తోటలో పండు బాగుందని పిలక తెచ్చుకునేవారు ముందు ఆ తోటలో ఆకులు పండుబారాయేమో చూసుకోవాలి. పిలకకు, పలుగుకు అంటిన మన్నుతోనూ తెగులు వస్తుంది.