పిడికిలి వ్యాయామం - మెదడు రక్తనాళాల ఆరోగ్యం

(ప్రత్యేక వ్యాసం)

పక్షవాతం కాలు, చేయి పడిపోయే వ్యాధిగా కనిపించినప్పటికీ, దాని మూలం మెదడు రక్తనాళాలలో ఉన్నది. మెదడుకు రక్తాన్ని చేరవేసే నాళం పూడుకుపోయినా, చిట్లినా పక్షవాతం సంభవిస్తుంది. ఈ రెండింటికీ అతి ముఖ్యమైన కారణం అదుపులో లేని రక్తపోటు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో నిర్వహించి 2023లో వెలువరించిన ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలోని పెద్దలలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన అంచనాల మేరకు 2022 నాటికి దేశంలోని పెద్దలలో దాదాపు సగం మంది తగినంత శారీరక శ్రమ చేయడం లేదు. ఈ నేపథ్యంలో కుర్చీలో కూర్చుని చేయదగిన పిడికిలి బిగింపు వ్యాయామం వైద్య నిపుణుల దృష్టిని ఆకర్షిస్తున్నది.

మెదడుకు నిరంతర రక్త సరఫరా

శరీర బరువులో మెదడు వాటా సుమారు 2 శాతం మాత్రమే. అయితే విశ్రాంతి సమయంలో గుండె పంపే రక్తంలో సుమారు 15 శాతం, శరీరం వినియోగించే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం మెదడుకే చేరుతాయి. రక్తపోటులో కొంత హెచ్చుతగ్గులు ఏర్పడినా, మెదడులోని సన్నని ధమనులు తమంతట తామే సంకోచ వ్యాకోచాలు చెంది ప్రవాహాన్ని నిలకడగా ఉంచుతాయి. అధిక రక్తపోటు ఏళ్ల తరబడి కొనసాగినపుడు ఈ నాళాల గోడలు మందమై, బిరుసెక్కి ఆ సామర్థ్యాన్ని కోల్పోతాయి. శారీరక శ్రమ లోపించిన జీవన విధానం ఈ ముప్పును మరింత పెంచుతుంది.

వ్యాయామ విధానం

ముందుగా డైనమోమీటరు అనే పరికరంతో వ్యక్తి పిడికిలి గరిష్ఠ బలాన్ని కొలుస్తారు. అందులో సుమారు 30 శాతం బలంతో పరికరాన్ని 2 నిమిషాలపాటు కదలకుండా బిగించి పట్టుకోవాలి. ఉదాహరణకు గరిష్ఠ బలం 30 కిలోలైతే 9 కిలోల బలం సరిపోతుంది. ఒక నిమిషం విరామం ఇస్తూ ఈ విధంగా 4 పర్యాయాలు చేయాలి. ఒక విడతకు పట్టే సమయం 11 నిమిషాలు. వారానికి 3 రోజుల చొప్పున 8 నుంచి 10 వారాలు కొనసాగించాలి. అమెరికా హృద్రోగ సంస్థలు 2017లో విడుదల చేసిన రక్తపోటు మార్గదర్శకాలలో ఈ పద్ధతికి స్థానం లభించింది. అధిక రక్తపోటు ఉన్నవారిలో దీనివల్ల సిస్టాలిక్ రక్తపోటు, అనగా పై అంకె, సుమారు 5 పాయింట్లు తగ్గగలదని ఆ పత్రం పేర్కొన్నది.

బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2023లో ప్రచురించిన సమీక్షలో 270 ప్రయోగాల ఫలితాలను క్రోడీకరించారు. నడక, పరుగు, బరువులెత్తడం వంటి పద్ధతులతో పోల్చినపుడు, కదలిక లేకుండా కండరాన్ని బిగించే వ్యాయామాలు విశ్రాంతి రక్తపోటును ఎక్కువగా తగ్గించినట్లు అందులో వెల్లడైంది. పిడికిలి బిగింపుతోపాటు గోడకు ఆనుకుని కుర్చీ భంగిమలో నిలవడం కూడా ఈ కోవలోనిదే.

గుర్తించవలసిన తేడా

పిడికిలి బలం ఒక సూచిక కాగా, పిడికిలి వ్యాయామం ఒక సాధన. ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు. భారతదేశంతో సహా 17 దేశాలలో సుమారు 1.4 లక్షల మందిపై జరిగి 2015లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ప్యూర్ అధ్యయనంలో, పిడికిలి బలం 5 కిలోలు తక్కువగా ఉన్నకొద్దీ పక్షవాతం ముప్పు 9 శాతం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. బలహీనమైన పిడికిలి మొత్తం శరీర బలహీనతకు అద్దం పడుతుందే తప్ప, పిడికిలిని బలపరచినంత మాత్రాన పక్షవాతం తప్పుతుందని దీని అర్థం కాదు. ఈ వ్యాయామంపై జరిగిన ప్రయోగాలు ప్రధానంగా రక్తపోటును కొలిచాయి గాని, పక్షవాతం కేసుల తగ్గుదలను కాదు. మెదడు రక్తనాళాలకు కలిగే మేలు రక్తపోటు తగ్గుదల ద్వారా సమకూరేదిగానే పరిగణించవలసి ఉంటుంది. రక్తపోటు అదుపు మెదడుకు మేలు చేస్తుందనడానికి ఆధారం ఉన్నది. 2019లో వెలువడిన అమెరికా స్ప్రింట్ మైండ్ అధ్యయనంలో, సిస్టాలిక్ రక్తపోటును 120 కంటె తక్కువకు తెచ్చే చికిత్స పొందినవారిలో జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి స్వల్పంగా క్షీణించే స్థితి తక్కువగా కనిపించింది.

జాగ్రత్తలు

పిడికిలి బిగించిన సమయంలో రక్తపోటు తాత్కాలికంగా పెరుగుతుంది. అందువల్ల ఊపిరి బిగబట్టరాదు. రక్తపోటు బాగా హెచ్చుగా ఉన్నవారు, గుండె జబ్బు లేదా పక్షవాతానికి గురైనవారు వైద్యుల సలహా లేకుండా ఈ వ్యాయామం ప్రారంభించరాదు. వాడుతున్న మందులను సొంతంగా మానరాదు. వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. పిడికిలి వ్యాయామం నడకకు ప్రత్యామ్నాయం కాదు. మోకాళ్ల నొప్పులు, వయోభారం వంటి కారణాలతో నడవలేనివారికి ఇది తొలి మెట్టు కాగలదు.

2017లో ప్రారంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి మొదటి దశలో ఎంపికైన 5 రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. రక్తపోటును క్రమం తప్పక కొలవడం, మందులు నిరంతరాయంగా అందించడం దాని ముఖ్య సూత్రాలు. ఏ వ్యాయామమైనా ఈ పునాదిపైనే ఫలితమిస్తుంది. తన రక్తపోటు ఎంతో తెలియని వ్యక్తి పిడికిలి బిగించే ముందు, ఆ చేతికి రక్తపోటు పట్టీ కట్టించుకోవడం శ్రేయస్కరం.